వేట కూర ఎవరికి ఆదా?

గోదావరి జిల్లాల్లో భోజన హోటలు ముందు ‘వేట మాంసం’ అని బోర్డు కనబడితే అది అడవి నుంచి వచ్చినదని ఎవరూ అనుకోరు. అది మేక మాంసమో పొట్టేలు మాంసమో అయి ఉంటుంది. తెలంగాణలో ఆ మాటే ‘యాట’ అయింది. పెళ్లికి రెండు యాటలు కోశారంటే రెండు గొర్రెలు కోశారని అర్థం. గ్రామదేవత ముందు బలి ఇచ్చే జీవమూ వేటే. వేటు పడిన జీవం కనుక వేట అయిందా, లేక వేటాడి తెచ్చిన మాంసానికి ఒకప్పుడున్న గౌరవం మంద మాంసానికి అంటుకున్నదా అన్నది భాషావేత్తలు తేల్చవలసిన సంగతి. ఇప్పటికి మనకు కనిపిస్తున్నది ఇంతే: వేట అన్న మాట మర్యాదస్థుల విస్తరిలోకి వచ్చి కూర్చున్నది; వేట వృత్తిగా బతికిన కులాలు మాత్రం ఊరి చివరనే ఉండిపోయాయి.

వేటాడి తెచ్చుకుంటే ఇంటి ఖర్చు తగ్గుతుందా అన్న ప్రశ్న పైకి చూస్తే కులంతో సంబంధం లేని లెక్కలా ఉంటుంది. అమెరికాలో ఈ ప్రశ్న తరచు వినిపిస్తుంది. శీతకాలంలో ఒక దుప్పిని కొట్టి ఫ్రీజరు నింపుకుంటే ఏడాది పొడవునా మాంసం కొనవలసిన పని లేదని కొందరంటారు. తుపాకీ, తూటాలు, లైసెన్సు, ప్రయాణపు పెట్రోలు, ఫ్రీజరు కరెంటు కలుపుకుంటే అంగట్లో మాంసమే చవక అని మరికొందరంటారు. అక్కడ అది తీరిక ఉన్న మనిషి తన సరదాకు వేసుకునే లెక్క. పైగా అక్కడ 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే పన్ను వన్యప్రాణి సంరక్షణకే పోతుంది. అంటే వేటగాడి ఖర్చు అడవికి ఆదాయం. మన దగ్గర ఈ లెక్క మొదటి పద్దులోనే వేరు దారి పడుతుంది. ఇక్కడ అడగవలసిన మొదటి ప్రశ్న, వేటకు వెళ్లే మనిషి రోజుకు మన సమాజం కట్టిన ధర ఎంత అన్నది.

ఒక కుందేలును తీసుకుందాం. మన పల్లెల్లో చెవులపిల్లి అని పిలిచే ఈ జీవం సాధారణంగా రెండు మూడు కిలోలకు మించదు. తోలు, పేగులు, ఎముక పోగా చేతికి వచ్చే మాంసం కిలో, కిలోన్నర. దాన్ని పట్టడానికి ఇద్దరు మనుషులు, ఒక కుక్క, ఒక రాత్రి కావాలి. రాత్రంతా తిరిగినవాడు మర్నాడు కూలికి పోలేడు కనుక ఆ పగటినీ లెక్కలో వేయాలి. ఇంత చేసినా ప్రతి రాత్రీ కుందేలు దొరకదు. మూడు రాత్రులకు ఒకటి దొరికిందనుకుంటే ఇద్దరు మనుషుల మూడేసి దినాలు ఒక కిలో మాంసం మీద పెట్టుబడి అయినట్టు. 2025–26 సంవత్సరానికి ఉపాధి హామీ పథకం కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజు కూలి 307 రూపాయలుగా నిర్ణయించారు. ఆ కూలి సక్రమంగా అందితే, ఒక్క రోజు సంపాదనతో కిలో బ్రాయిలరు కోడి మాంసం చాలా వారాల్లో కొనుక్కోవచ్చు. ఆరు దినాల కూలితో కిలోకు మించి మేక మాంసం కొని, పక్కింటికీ ఒక గిన్నె పంపవచ్చు. ఈ లెక్క ప్రకారం వేట శుద్ధ నష్టం.

కానీ ఈ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. వేటకు పోకపోతే ఆ మనిషికి ఆ రోజు కూలి దొరుకుతుందని మనం ముందే అనుకున్నాం. నాట్లకూ కోతలకూ మధ్య నెలల్లో, సొంత సెంటు భూమి లేని కుటుంబానికి ఆ రోజును కొనేవాడెవడు? కొనేవాడు లేని రోజు ధర సున్నా. సున్నా పెట్టుబడితో వచ్చిన కుందేలు ఎంత చిన్నదైనా లాభమే. వేట గిట్టుబాటు అయ్యేది శ్రమకు ధర లేని మనిషికి మాత్రమే. ఎవరి శ్రమకు ధర లేదన్నది ఈ దేశంలో కాకతాళీయంగా జరిగిన విషయం కాదు. భూమి ఎవరి చేతిలో ఉండాలో, ఏ పని ఎవరు చేయాలో, ఎవరిని ఇంటి పనికి కూడా పిలవకూడదో తరతరాలుగా తేల్చింది కులమే. ఒక కుటుంబం వేట మీద ఆధారపడి ఉన్నదంటే దాని వెనుక ఆ కుటుంబానికి మూసివేసిన తలుపుల జాబితా ఉంటుంది.

ఆదా అన్న మాటనే మరికొంచెం నిలదీయాలి. మనిషి తాను పెట్టబోయే ఖర్చును తప్పించుకుంటేనే అది ఆదా. నెలకు రెండుసార్లు మాంసం కొనే ఇంట్లో వేట కూర వండితే ఆ నెల ఒకసారి కొనడం తప్పింది అనవచ్చు. అసలు కొననే కొనని ఇంట్లో తప్పిన ఖర్చు ఏమిటి? బియ్యం రేషను దుకాణం నుంచి వస్తాయి. కిరాణా కొట్లో చిట్టా పెరిగేది నూనె దగ్గర, పప్పు దగ్గర, చింతపండు దగ్గర, ఉల్లిగడ్డ దగ్గర. వేట దొరికిన రోజు ఆ చిట్టా తగ్గదు సరికదా పెరుగుతుంది. అడవి మాంసం గట్టిది. ఎక్కువసేపు ఉడకాలి, నూనె కారాలు ఎక్కువ పట్టాలి. కుందేలు ఉచితంగా వచ్చినా మసాలా అప్పుకే వస్తుంది. అందువల్ల పేదవాడి వేట కిరాణా ఖర్చును తగ్గిస్తుందన్న మాట ఏ వైపు నుంచి చూసినా నిలబడదు. కూలి దొరికేవాడికి అది నష్టం. కూలి దొరకనివాడికి తగ్గించుకోవడానికి ఖర్చే లేదు. డబ్బుతో ఎన్నడూ తెచ్చుకోలేని కూర ఒక పూట ఆ ఇంటి పిల్లల కంచంలో పడుతుంది, అంతే. ‘అంతే’ అన్నాను కానీ అది చిన్న విషయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నూటికి 98 మంది మాంసాహారులని సర్వేలు చెప్పే రెండు రాష్ట్రాల సంగతి ఇది. మాంసం తినేవాళ్లమని చెప్పుకోవడానికీ, మాంసం కంచంలోకి రావడానికీ మధ్య ఉన్న దూరం ఈ అంకెల్లో ఉంది.

ఇక రెండో రకం వేటగాడు. జీపు, సర్చిలైటు, వేటకుక్కలు, పంట రక్షణ పేరున లైసెన్సు తీసుకున్న తుపాకీ ఇతని సామగ్రి. ఒక రాత్రి డీజిలు ఖర్చుకే ఊళ్లో మంచి పొట్టేలు మాంసం వచ్చేది. ఇతనికి ఆదా అన్న ఆలోచనే లేదు. వేట కూర అతని ఇంట హోదాకు గుర్తు. ఎవరిని పిలిచి పెట్టాడన్నది ముఖ్యం. ఈ హోదా పాతది. జమీందార్లూ దొరలూ అధికారులూ షికారుకు వచ్చినప్పుడు అడవిని గాలించి, డప్పులు కొట్టి, జంతువును తుపాకీ ముందుకు తరిమే పని వెట్టి కులాలది. తరిమినవాడికి కూలి లేదు. జంతువు ఎదురుతిరిగితే మొదట గాయపడేది అతడే. తొడ దొరగారిది, చర్మం దొరగారి గోడది. మిగిలిన పోగుల్లో తల, కాళ్లు, పేగులు తరిమినవాళ్లకు. అడవి మాంసం పంపకంలోనూ ఊరి వరసే నడిచింది. పేరు పొందిన సినిమా నటుడు సల్మాన్ ఖాన్ మీద 1998లో కృష్ణజింకల కేసు పెడితే జోధ్‌పూర్ కోర్టు అయిదేళ్ల శిక్ష విధించింది 2018లో. ఇరవై ఏళ్లు కేసును భరించగల స్తోమత ఉన్నవాడికి ఆ శిక్ష పైనా అప్పీలు ఉంటుంది. వలతో దొరికిన వాడికి వకీలును పెట్టుకోవడమే పెద్ద ఖర్చు.

వేటను వృత్తిగా చేసుకున్నవాళ్లను మన జానపదం ఎలా చూసిందో తెలియాలంటే పిట్టలదొరను తలచుకుంటే చాలు. చిరిగిన ఖాకీ కోటు, టోపీ, చేతిలో కట్టె తుపాకీ, నోటినిండా కోతలు. తుపాకి రాముడన్నా, లత్కోరు సాబన్నా ఆయనే. చూసి అందరం నవ్వాం. ఆ వేషంలో దొరతనాన్ని ఎకసెక్కం చేసే పదును ఉన్నమాట నిజమే. అయితే వేషం విప్పిన తరువాత ఆ మనిషి డేరాకు తిరిగి వెళితే, ఊళ్లో ఏదైనా దొంగతనం జరిగితే మొదట వెతికేది ఆ డేరానే. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించారు. స్వతంత్ర దేశంలో 1952లో దాన్ని రద్దు చేశారు. రద్దయి డెబ్బై ఏళ్లు దాటినా వల, ఉచ్చు, నాటు తుపాకీ పట్టుకున్న సంచార జాతి మనిషి రోడ్డు మీద కనిపిస్తే ఆ చట్టం కళ్లతోనే చూస్తున్నాం. పూరేడు పిట్టలు, కౌజు పిట్టలు పట్టి అమ్మిన నక్కలవాళ్లు ఇప్పుడు పూసలు, పిన్నీసులు, బొమ్మలు అమ్ముకుంటున్నారు. ఫారంలో పెంచిన జపాను కౌజులు ఢాబాలో దర్జాగా వేగుతున్నాయి.

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నిండైన ఉదాహరణ యానాదులది. 2011 జనాభా లెక్కల నాటికి అయిదు లక్షలకు పైగా ఉన్న ఈ తెగ నెల్లూరు నుంచి గోదావరి దాకా వరి పొలాల గట్ల వెంట బతుకుతున్నది. శ్రీహరికోట దీవిలో అడవి మీద, సముద్రం మీద బతికిన యానాదులు 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక చోటు తప్పవలసి వచ్చిన సంగతి మన అంతరిక్ష విజయాల కథనాల్లో అరుదుగా వస్తుంది. మైదానంలో యానాదికి దొరికిన పనుల్లో ముఖ్యమైనది ఎలుకలు పట్టడం. ఇది చూసినంత తేలిక పని కాదు. గట్టు మీద ఉన్న పది రంధ్రాల్లో ఏది కొత్తదో, ఏది పాడుబడినదో, లోపల ఉన్నది ఎలుకా పామా అన్నది మట్టి చూసి చెప్పగలగాలి. మిగతా దారులన్నీ మూసి, అడుగున చిల్లు పెట్టిన కుండలో గడ్డి కుక్కి నిప్పంటించి, నోటితో పొగను కలుగులోకి ఊదాలి. ఆ పొగలో సగం ఊదినవాడి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. తరువాత గునపంతో తవ్వాలి. కొన్నిచోట్ల వెదురుతో, తాటాకుతో చేసిన బుట్టలు పెట్టి పడతారు. ఆ బుట్టను ఎక్కడ, ఏ ఎత్తున, ఏ ముఖంగా పెట్టాలన్నది ఏ వ్యవసాయ కళాశాలా నేర్పని విద్య.

ఇక్కడ ఒక్క వేటకు మూడు రాబడులు ఉన్నాయి. రైతు ఎలుకకు ఇంతని తోకలు లెక్కగట్టి ఇచ్చే డబ్బు మొదటిది. మాంసం రెండోది. మూడోది కలుగులో దాచిన వడ్లు. పందికొక్కు జాతి ఎలుక కంకులను కొరికి తన కలుగులోకి మోసుకుపోతుంది. ఒక్కో కలుగులో కిలోల కొద్దీ ధాన్యం దొరకడం కద్దు. ఇంగ్లీషువాడి ‘బాండికూట్’ అన్న మాట మన పందికొక్కు నుంచే పోయింది. అంటే ఈ జంతువు పేరు ప్రపంచ శాస్త్రంలోకి తెలుగు పొలం నుంచే వెళ్లింది. దాన్ని పట్టే మనిషి పేరు మాత్రం తిట్టుగా మిగిలింది. వేట ఇంటి ఖర్చును నిజంగా తగ్గించిన సందర్భం నాకు తెలిసినంతలో ఇదొక్కటే. కూలి, కూర, గింజ మూడూ ఒకే గుంతలోంచి వస్తాయి, వేటగాడి రోజుకు ధర ఉంటుంది, అతడు చేసిన పని వల్ల రైతుకు పంట మిగులుతుంది. అందరికీ లాభమైన ఈ వేటకే సమాజం అన్నిటికన్నా ఎక్కువ అసహ్యాన్ని జత చేసింది. దొర కుందేలు తింటే షికారు, యానాది ఎలుకను తింటే ఏవగింపు. బీహారులో ఇదే పని చేసిన కులానికి ముసహర్ అని పేరే పెట్టేశారు. మనిషిని అతడు తినే ఎలుక పేరుతో పిలవడం మన నాగరికతకు తప్పుగా తోచలేదు.

ఈ వేటకు చట్టం అడ్డు రాలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అయిదో షెడ్యూలు ఒకటి ఉండేది. హానికర జీవులు అని దానికి పేరు. కాలక్రమంలో కోతలు పడి చివరికి అందులో మిగిలినవి కాకి, పండ్లు తినే గబ్బిలం, చుంచు, ఎలుక. జింక నుంచి కౌజు దాకా అన్నీ రక్షిత జాబితాల్లోకి పోగా, వేట కులాలకు రాజ్యం వదిలిన మాంసం ఇదీ. 2022 సవరణతో ఆ షెడ్యూలు కూడా పోయింది. ఎలుక ఇప్పుడు ఏ జాబితాలోనూ లేదు. అడ్డు వచ్చింది మందు. జింకు ఫాస్ఫైడు, బ్రొమాడయొలోను ఎరలను వ్యవసాయ శాఖ ఊరూరా సామూహిక నిర్మూలన పేరుతో పంచుతుంది. మందు తిన్న ఎలుక కలుగులోనే చస్తుంది. దాన్ని తినడానికి లేదు. రైతు బుట్టవాడిని పిలవడు. మందు మీద సర్కారు ఖర్చు పెడుతుంది, గుడ్లగూబా పామూ పొలం నుంచి మాయమవుతాయి, యానాది మూడు రాబడులూ ఒక్క సంచి విషంతో పోతాయి. ఇంత జరిగినా దీన్ని ఉపాధి నష్టంగా నమోదు చేసిన కాగితం ఉండదు. ఎలుక కూర ఎవరి ఆదాయ లెక్కలోనూ ఎన్నడూ లేదు కదా.

నల్లమల చెంచుల సంగతి మరో రకం. విల్లు పట్టిన చెంచు బొమ్మ మన పాఠ్యపుస్తకాల్లో, పర్యాటక శాఖ గోడల మీద కనిపిస్తుంది. ఆ బొమ్మ చూసి చెంచులు మాంసం మీదే బతుకుతారని అనుకుంటాం. హైదరాబాదు సంస్థానంలో వీళ్ల మధ్య తిరిగి ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో ప్రచురించిన పుస్తకం అప్పటికే వేరే సంగతి చెప్పింది. చెంచు కడుపు నింపినవి ప్రధానంగా అడవి గడ్డలు, పండ్లు, ఆకులు. వేట అరుదుగా కలిసివచ్చే అదృష్టం. గడ్డపార పట్టిన స్త్రీ తెచ్చేది రోజువారీ కూడు, విల్లు పట్టిన పురుషుడు తెచ్చేది ఎప్పుడో ఒకనాటి విందు. విశాఖ మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగకు వేటకు పోయి ఉత్త చేతులతో తిరిగి వచ్చిన మగవాళ్లను ఆడవాళ్లు ఎగతాళి పట్టించే ఆచారం ఉంది. వేట ఎంత తరచుగా వట్టిపోతుందో ఆడవాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు కాబోలు.

1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుల సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తిస్తూనే, మూడో సెక్షనులో వేటాడే, ఉచ్చు వేసే హక్కును ప్రత్యేకించి మినహాయించింది. దేశం మొత్తం మీద సంప్రదాయ వేట హక్కును వన్యప్రాణి చట్టం నిలిపి ఉంచింది నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగలకు మాత్రమే. నిషేధం తప్పని నేననను. పులి బతకాలంటే దాని మేత అయిన దుప్పి, అడవి పంది బతకాలి. నల్లమలలో వేట తిరిగి మొదలుపెట్టమని అడగడం చెంచుల మేలు కోరడం కాదు. కానీ నిషేధానికి ధర ఉంది. ఆ ధరను ఎవరు కట్టారు?

చట్టంలోని జరిమానాల లెక్క చూడండి. 2022 సవరణ తరువాత సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఉడుము వంటి మొదటి షెడ్యూలు జీవి అయితే మూడేళ్లకు తగ్గని, ఏడేళ్ల దాకా జైలు, పాతికవేలకు తగ్గని జరిమానా. కుందేలు విషయంలో గరిష్ఠ జరిమానానే తీసుకుంటే, 307 రూపాయల కూలి మీద లక్ష రూపాయలంటే 326 రోజుల పని. 2025–26లో ఉపాధి హామీ పథకం కింద ఉన్న ఏడాదికి వంద రోజుల హామీ చొప్పున మూడేళ్ల పైచిలుకు ఉపాధి మొత్తం ఒక కిలోన్నర మాంసానికి. న్యాయస్థానం అంత వేయకపోవచ్చు. వకీలు, జామీను, వాయిదాలకు బస్సు చార్జీలు మాత్రం తప్పవు. పేదవాడి వేట లెక్కలో ఈ పద్దును కలిపినప్పుడు అది భూమ్మీద అన్నిటికన్నా ఖరీదైన మాంసం అవుతుంది.

ఇదే నల్లమల అంచున అహోబిలంలో నరసింహస్వామి కనుమ నాటి నుంచి పారువేటకు బయలుదేరతాడు. నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన గ్రామాలు తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడినవాడు కనుక స్వామి చెంచులకు అల్లుడు. పల్లకీ మీదికి చెంచులు బాణాలు వేసి ఉత్సవాన్ని ఆరంభిస్తారు. శ్రీకాళహస్తిలో బోయ తిన్నడు తాను రుచి చూసిన మాంసాన్ని శివుడికి పెట్టి కన్నప్ప అయ్యాడు. వేటగాడిని అల్లుడి వరసలో, భక్తుడి వరసలో చేర్చుకోగల మతం అతడికి గర్భగుడి దూరాన్నీ ఊరి దూరాన్నీ తగ్గించలేదు. ఉత్సవంలో చెంచు విల్లు సంప్రదాయం, మర్నాడు అడవిలో అదే విల్లు సాక్ష్యాధారం.

అడవి పందుల విషయానికి వస్తే మన విధానం మరీ విడ్డూరంగా ఉంది. వేరుశనగ, మొక్కజొన్న, వరి పంటలను రాత్రికి రాత్రి దున్నేస్తున్న పందుల బాధ పడలేక కౌలు రైతులు కరెంటు తీగలు పెడుతున్నారు. ఆ తీగలకు పందులే కాక మనుషులూ చస్తున్నారు. కేరళ ప్రభుత్వం 2022లో పంటలు పాడుచేసే పందులను చంపడానికి స్థానిక సంస్థల అధ్యక్షులకు అధికారం ఇచ్చింది. చంపడానికి అనుమతి ఉంది, తినడానికి లేదు, కళేబరాన్ని పూడ్చాలి. రోగాల భయం, దొంగ వేటకు ప్రోత్సాహమవుతుందన్న భయం రెండూ నిజమే. అయినా ఈ ఏర్పాటులో ఒక విషయం గమనించాలి. తుపాకీ లైసెన్సు ఉన్నవాడి వేట ఇప్పుడు ప్రజాసేవ. ఉచ్చు తప్ప మరేమీ లేనివాడి వేట నేరంగానే ఉంది. జంతువు ఒకటే, పొలం ఒకటే. తేడా ఆయుధంలో ఉంది, ఆ ఆయుధం ఎవరికి లైసెన్సుతో వస్తుందన్న దానిలో ఉంది.

ఆదా లెక్కలను కులం ముందు పెట్టడం కొత్త కాదు. 1956 అక్టోబరు 15న నాగపూర్ ప్రసంగంలో అంబేద్కర్ ఇలాంటి లెక్క ఒకదాన్ని గుర్తు చేశారు. చచ్చిన పశువులను మోయడం, ఆ మాంసం తినడం మానేయమని ఆయన మహర్లకు పిలుపు ఇచ్చినప్పుడు, మాంసం, కొమ్ములు, ఎముకలు, తోలు అన్నీ కలిపి ఇంత నష్టపోతున్నారని ఒకరు పత్రికలో అంకెలు వేసి చూపించారట. అంత లాభమున్న పని అయితే ఆ పని మీరే చేసుకోండి, లాభంతోపాటు మరో అయిదు వందల రూపాయలు నేనిస్తాను అన్నది ఆయన జవాబు సారాంశం. ఒక పనిలో ఆదా ఉందని పై నుంచి చెప్పేవాళ్లు ఆ ఆదాను తమ ఇంటికి ఎందుకు తెచ్చుకోవడం లేదన్న ఆ ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది. అడవి వాళ్లకు ఏం ఖర్చు, చెట్టు మీద పండు, పుట్ట మీద కుందేలు అన్న మాట రెవెన్యూ కార్యాలయంలోనూ, బస్సు స్టాండులోనూ ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాట వెనకనే గిరిజన గూడెంలో అంగన్‌వాడీ గుడ్లు రెండు వారాలు రాకపోయినా పరవాలేదన్న ధీమా కూడా ఉంటుంది.

అలాగని వేటను ఆత్మగౌరవానికి చిహ్నంగా చేసి కీర్తించే ధోరణితోనూ నాకు ఏకీభావం లేదు. మా తాతలు పులిని కొట్టారని మీసం దువ్వే పాటలు దొర షికారు నుంచి అరువు తెచ్చుకున్నవి. యానాది పిల్లవాడు కుండలో పొగ ఊదుతూ బడి మానడంలో సంస్కృతి పరిరక్షణ ఏమీ లేదు. ఆ విద్య తెలిసినవాడికి అది వృత్తిగా ఉండాలంటే ఉండనీ, దానికి తగిన ధర ఇవ్వాలి. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. అటువంటి చోట చెంచు గూడేలకు, యానాది సంఘాలకు రేషను దుకాణం నుంచి బియ్యంతోపాటు నెలకు సరిపడా గుడ్లు, పప్పు ఇవ్వడం సరఫరా సమస్య కానే కాదు. అడవిని కాపాడటానికి వాళ్ల కంచంలోంచి తీసుకున్న మాంసానికి ఇది బదులు. దయ కింద రాయవలసిన పద్దు కాదు. ఉచ్చుతో కుందేలు పట్టినవాడినీ, నగర హోటళ్లకు అడవి మాంసం చేరవేసే ముఠానూ ఒకే గాటన కట్టకుండా, మొదటి రకం కేసులను చట్టంలో ఉన్న రాజీ అవకాశం కింద చిన్న రుసుముతో ముగించేందుకు అటవీ శాఖ స్పష్టమైన ఆదేశాలు ఇవ్వవచ్చు.

ఎలుకల సంగతిలో ఇంకా సులువు. ప్రతి ఏడూ పంట కాలానికి ముందు విషపు ఎరలకు పెట్టే ఖర్చులో కొంత భాగాన్ని ఎలుకలు పట్టే యానాది బృందాలకు కూలిగా నిర్ణయించి, నైపుణ్యం గల పనివాడికి ఇచ్చే రేటు కట్టి, నోటితో ఊదే కుండ బదులు చేతితో తిప్పే పొగ యంత్రం, పాము కాటుకు దగ్గరి ఆసుపత్రిలో మందు ఏర్పాటు చేయాలి. మారుటేరులో ఎలుకల నియంత్రణ మీద పనిచేసే పరిశోధన విభాగం ఉంది. బుట్టవాళ్ల అనుభవాన్ని అక్కడ కూర్చోబెట్టి వినాలి. ఏ ఊరి పొలాల్లో ఆ బృందం పని చేస్తుందో ఆ ఊళ్లో ఆ సీజనుకు మందు వాడకూడదు. కలుగు తవ్వినప్పుడు దొరికే వడ్లు ఎవరివన్న తగాదా ప్రతి కోతల కాలంలోనూ వస్తుంది కనుక, అవి తవ్వినవాడివేనని ఆ ఒప్పందంలోనే రాయాలి.